మండపం ముందు ఏ లెన్స్? పెళ్లి ఫొటోగ్రఫీలో ఎంపిక ఎక్కడ మొదలవ్వాలి

తెలుగు పెళ్లిలో ముహూర్తమంటే జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెర దిగుతుంది, వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి ఉంచుతారు, మేళం జోరందుకుంటుంది. సరిగ్గా అప్పుడే అక్షింతలు పట్టుకున్న బంధువులంతా లేచి నిలబడతారు. వీడియో తీసేవాళ్లు గింబల్‌తో ముందుకు జరుగుతారు. స్టిల్ ఫొటోగ్రాఫర్‌కు ఆ గుంపులో దొరికిన చోటే చోటు. రెండడుగులు వెనక్కి వెళ్లాలన్నా, పక్కకు తిరగాలన్నా వీలుండదు. ఆ క్షణానికి కెమెరా మీద ఏ లెన్స్ ఉంటే దానితోనే ఫొటో వస్తుంది, లేదా రాదు.

పెళ్లి లెన్సుల గురించి జరిగే చర్చ ఎక్కువగా ఏది షార్ప్, ఏది బాగా బ్లర్ ఇస్తుంది అన్న దగ్గరే తిరుగుతుంటుంది. వాటికంటే ముందు తేలాల్సిన విషయం ఫొటోగ్రాఫర్ ఎంత దూరంలో నిలబడగలరన్నది. నిలబడే చోటు ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్స్ ఎంత వెడల్పు దృశ్యం చూపిస్తుందో తేల్చే మిల్లీమీటర్ల అంకెను నిర్ణయిస్తుంది. అక్కడి వెలుతురు అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు లోపలికొచ్చే రంధ్రం సైజును నిర్ణయిస్తుంది. ఈ రెండూ తేలకుండా కొన్న లెన్స్ ఎంత ఖరీదైనదైనా సగం పెళ్లి బ్యాగులోనే గడుపుతుంది.

దూరం లెక్క

ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ (ఫొటో నమోదయ్యే చిప్) వెడల్పు 36 మిల్లీమీటర్లు. మనిషికీ కెమెరాకీ మధ్య దూరాన్ని 36తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అంత దూరంలో ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. లెన్స్ కొనే ముందు ఈ చిన్న లెక్క వేసుకుంటే చాలా అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

మామూలు ఫంక్షన్ హాల్ మండపాన్నే తీసుకుందాం. నాలుగు స్తంభాల మధ్య పీటల మీద వధూవరులు, వాళ్లకు ఇరుపక్కలా తల్లిదండ్రులు, ఎదురుగా పురోహితుడు, మధ్యలో హోమగుండం, కలశం, కొబ్బరి బొండాలు, తలంబ్రాల పళ్లేలు. ఇవన్నీ ఉన్నాక ఎదురు నుంచి రెండున్నర మీటర్ల కంటే దగ్గరకు వెళ్లడం కష్టం. ఆ దూరంలో 24 ఎంఎం లెన్స్ మూడు ముప్పావు మీటర్ల వెడల్పు చూపిస్తుంది. అంటే మండపం మొత్తం, రెండు వైపుల పెద్దలతో సహా. 35 ఎంఎంతో రెండున్నర మీటర్లు పడుతుంది. వధూవరులు, వాళ్ల పక్కన కూర్చున్న వాళ్లు అందులో వస్తారు. 50 ఎంఎంతో 1.8 మీటర్లు, అంటే ఇద్దరు మాత్రమే. 85 ఎంఎంకు వచ్చేసరికి మీటరు చిల్లర మిగులుతుంది, ఒక్కరి ముఖం, భుజాలు.

ముహూర్తం సమయంలో ఈ నాలుగూ కావాలి. అడ్డుతెర దిగేటప్పుడు ఇద్దరి చూపులూ కావాలి, వెంటనే వెనకాల నిలబడ్డ మేనమామ ముఖం కావాలి, మరుక్షణంలో అక్షింతలు పడుతున్న మండపమంతా కావాలి. నడిచి దూరం మార్చుకునే వీలు లేదు కాబట్టి లెన్సే మారాలి. 24-70 ఎఫ్/2.8 జూమ్ (24 నుంచి 70 ఎంఎం దాకా మారే లెన్స్; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అపెర్చర్ అంత పెద్దది) పెళ్లి ఫొటోగ్రాఫర్ల చేతిలో ఇన్నేళ్లుగా నిలిచిపోవడానికి అసలు కారణం ఇదే. ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్స్) వాడేవాళ్లు 'కాళ్లతోనే జూమ్ చేసుకోవాలి' అంటుంటారు. వీధిలో అది మంచి సలహా. చెప్పులు విప్పి, పళ్లేల మధ్య ఒంటికాలి మీద నిలబడాల్సిన మండపంలో ఆ సలహా పనికిరాదు.

మాంగల్యధారణ దగ్గర ఇబ్బంది ఇంకో రకం. వరుడు లేచి వంగి మూడు ముళ్లు వేస్తుంటే ఆడపడుచులు, ముత్తైదువలు దగ్గరకు చేరతారు, ఎవరో ఒకరు జడ పైకెత్తి పట్టుకుంటారు. మూడు ముళ్లకు నిమిషం కూడా పట్టదు. హాలు మధ్యలో 70-200 పట్టుకుని నిలబడితే ఫ్రేమ్‌లో కనిపించేవి అక్షింతలు వేయడానికి లేచిన వీపులే. పెళ్లికూతురి వైపు, ఎదురుకు కాస్త ఏటవాలుగా, మండపం అంచున చోటు ముందే చూసుకోవాలి. అక్కడి నుంచి 28కీ 50కీ మధ్య ఏదో ఒక ఫోకల్ లెంగ్త్ సరిపోతుంది. ఒక్కడే ఫొటోగ్రాఫర్ ఉన్న పెళ్లిలో ఆ నిమిషానికి పొడవాటి లెన్స్ పక్కన పెట్టేయడమే మంచిది.

అన్నవరం కొండ మీద ముహూర్తాల రోజుల్లో జరిగే పెళ్లిళ్లలో ఇదే లెక్క తలకిందులవుతుంది. ఒక పెళ్లి పక్కనే ఇంకో పెళ్లి, దాని పక్కన మరొకటి. అక్కడ 24 ఎంఎం పెడితే పక్క పెళ్లివాళ్ల చుట్టాలు, వాళ్ల వీడియో లైట్లు, వాళ్ల బ్యాగులు కూడా ఆల్బమ్‌లోకి వచ్చేస్తాయి. చోటు ఇరుకుగా ఉంటే వైడ్ లెన్స్ వాడాలన్నది అందరూ చెప్పే మాట. ఇరుకుతో పాటు రద్దీ కూడా ఉన్నప్పుడు 50 నుంచి 85 మధ్యకు వెళ్లి, కావాల్సిన వాళ్లను మాత్రమే పట్టుకోవాలి.

వెలుతురు: ఎఫ్ నంబర్ ఎంత అవసరం?

ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8కు వస్తే రెండింతల వెలుతురు, అక్కడి నుంచి ఎఫ్/1.4కు వస్తే మరో నాలుగింతలు. ఒక హాల్లో ఎఫ్/2.8, 1/200 సెకను షట్టర్ స్పీడ్‌తో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే తీరును చెప్పే అంకె) 3200 అవసరమైందనుకుందాం. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6కు పడిపోతుంది, అదే ఫొటోకు ఐఎస్‌ఓ 12800 కావాలి. ఎఫ్/1.4 ప్రైమ్‌తో 800 చాలు. ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ ఫొటో మీద కనిపించే గరుకు చుక్కల్లో, అంటే నాయిస్‌లో ఈ తేడా పట్టుచీర జరీ మీద, నల్లటి జడ మీద స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే గత పదేళ్లలో సెన్సర్లు చాలా మెరుగయ్యాయి. ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఐఎస్‌ఓ 6400తో తీసిన ఫొటో 12x36 అంగుళాల ఆల్బమ్ షీట్ మీద కూడా నిలుస్తుంది. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లూ బాగుపడ్డాయి. కాబట్టి ఒకప్పుడు ఎఫ్/1.4 లేకపోతే రాత్రి పెళ్లి తీయలేమన్న మాటకు ఇప్పుడు అంత బలం లేదు. వీడియో లైట్లు వెలిగే మండపంలో ఎఫ్/2.8 హాయిగా సరిపోతుంది. పైగా మన పెళ్లిళ్లలో ఫ్లాష్ వాడొద్దని పట్టుబట్టే పురోహితులు అరుదు. కొన్ని దేశాల చర్చి పెళ్లిళ్లలో ప్రార్థన జరుగుతుండగా ఫ్లాష్ వాడనివ్వరు. అక్కడి ఫొటోగ్రాఫర్లు ఇచ్చే సలహాల్లో ఎఫ్/1.4, ఎఫ్/1.2 లెన్సులకు అంత ప్రాధాన్యం ఉండటానికి అదొక కారణం. ఆ సలహాను యథాతథంగా మన మండపానికి తెచ్చుకోనక్కర్లేదు.

ఎఫ్/1.4, ఎఫ్/1.8 నిజంగా అవసరమయ్యే చోట్లు వేరే ఉన్నాయి. తెల్లవారుజామున జరిగే అప్పగింతలు అందులో మొదటిది. వీడియో లైట్లు అప్పటికి సగం ఆర్పేసి ఉంటారు. ఇంటి గడపలోనో హాలు వరండాలోనో ట్యూబ్‌లైటు ఒక్కటే వెలుగుతుంటుంది. తల్లీకూతుళ్లు ఏడుస్తున్న ఆ చోట ఫ్లాష్ కొడితే ఫొటో తీసేవాళ్లూ అక్కడివాళ్లూ ఇద్దరూ ఇబ్బంది పడతారు. 35 ఎంఎం ఎఫ్/1.4 లేదా ఎఫ్/1.8 ఉంటే ఒక మూల నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా ఆ కాసేపూ తీయవచ్చు. సంగీత్ రాత్రి డ్యాన్సులు, అరుంధతీ నక్షత్రం చూపించడానికి ఆరుబయటికి తీసుకెళ్లే సందర్భం, అమెరికాలో తెలుగువాళ్లు పెళ్లి చేసే హోటల్ బాల్‌రూమ్‌ల మసక వెలుతురు కూడా ఈ కోవలోకే వస్తాయి.

లెన్సులోనో కెమెరా బాడీలోనో ఉండే స్టెబిలైజర్ గురించి ఒక అపోహ ఉంది. అది కెమెరా పట్టుకున్న చేతి వణుకును మాత్రమే ఆపుతుంది. తలంబ్రాలు పోసే చేయి, నవ్వుతూ పక్కకు తిరిగిన ముఖం 1/60తో తీస్తే స్టెబిలైజర్ ఎంత మంచిదైనా చెదిరిపోతాయి. తలంబ్రాలకు 1/500 పెట్టుకుంటే గింజలు గాల్లో విడివిడిగా కనిపిస్తాయి. అంత వేగానికి కావాల్సిన వెలుతురు అపెర్చర్ ద్వారానో, ఐఎస్‌ఓ ద్వారానో, ఫ్లాష్ ద్వారానో రావాల్సిందే.

పెద్ద అపెర్చర్‌తో వచ్చే చిక్కు ఇంకోటి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి కనిపించదు, వేగమైన షట్టర్‌కు కనిపిస్తుంది. ఎఫ్/1.4 ఉంది కదా అని 1/800 పెడితే సీరియల్ బల్బుల అలంకరణ ఉన్న హాల్లో ఫొటో మీద అడ్డంగా నల్లటి చారలు పడొచ్చు, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ రంగు మారిపోవచ్చు. 1/100 దగ్గర ఒక పూర్తి మినుకు ఎక్స్‌పోజర్‌లో ఇమిడిపోతుంది కాబట్టి ఈ గొడవ తగ్గుతుంది. కదలిక లేని ఘట్టాల్లో ఈ వేగం చాలు. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేసి పెట్టుకోవాలి.

బ్లర్ మోజు, ఇద్దరి ముఖాలు

85 ఎంఎం ఎఫ్/1.4తో రెండు మీటర్ల దూరంలో తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. కంటికి ఫోకస్ చేస్తే చెవి కమ్మ అప్పటికే మెత్తబడుతుంది. పెళ్లికూతురిని ఒక్కర్తినే కూర్చోబెట్టి తీసే పోర్ట్రెయిట్‌కు అది అందమే. పెళ్లి తంతులో మాత్రం ఫ్రేమ్‌లో ఎప్పుడూ ఒక్కరు ఉండరు. ఫొటోగ్రాఫర్ నిలబడేది కూడా చాలాసార్లు పక్కనే. పక్క నుంచి చూస్తే పీటల మీద కూర్చున్న ఇద్దరి తలల మధ్య దూరం తేడా అరమీటరు పైనే ఉంటుంది. ఎఫ్/1.4తో తీసిన ఆ ఫొటోలో వరుడు స్పష్టంగా ఉంటే వధువు మసక, వధువు ఉంటే వరుడు మసక. కన్యాదానంలో అయితే కాళ్లు కడిగే తండ్రి చేతులు, నీళ్లు పోసే తల్లి, పీట మీద అల్లుడు అందరూ కావాలి.

అదే 35 ఎంఎం, ఎఫ్/2.8, రెండున్నర మీటర్ల దూరమైతే ఫోకస్‌లో ఉండే లోతు 85 సెంటీమీటర్ల పైచిలుకు. ఇద్దరి ముఖాలూ నిలుస్తాయి, వెనకాల హాలు కాస్త మెత్తగా పక్కకు తప్పుకుంటుంది. 50 ఎంఎంతో అక్కడే ఎఫ్/2.8 పెడితే దాదాపు 40 సెంటీమీటర్లే మిగులుతాయి, ఎఫ్/4కు వెళ్లాలి. ఈ అంకెలు కెమెరాలో చూసుకునే తీరును బట్టి, ప్రింట్ సైజును బట్టి అటూ ఇటూ అవుతాయి, కానీ వాటి మధ్య నిష్పత్తి మారదు. క్యాండిడ్ పేరుతో మొత్తం పెళ్లిని ఎఫ్/1.4లో తీసిన ఆల్బమ్‌లు చూసినప్పుడు బాధ కలుగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ తిరగేసే ఇంట్లోవాళ్లు వెతికేది వెనక వరుసలో నిలబడ్డ తాతయ్య ముఖం కోసం. ఆయన బోకే గుండ్రాల్లో (మసకబడిన వెలుగు చుక్కల్లో) కలిసిపోతే తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

బ్లర్ నిజంగా అక్కరకొచ్చే చోటు రిసెప్షన్ స్టేజీ. ఇప్పుడు చాలా హాళ్లలో వెనకాల ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నారు. ఆ తెర మీది చుక్కల వరసలు, కెమెరా సెన్సర్ పిక్సెళ్ల వరసలు ఒకదానితో ఒకటి కలిసి ఫొటోలో అలలు అలలుగా రంగు చారలు ఏర్పడతాయి. వీటిని మోయిరే అంటారు. తెర ఫోకస్‌లో ఉంటేనే ఇది వస్తుంది. జంటను తెరకు వీలైనంత ముందుకు రప్పించి, 85 ఎంఎం లేదా 70-200తో ఎఫ్/2, ఎఫ్/2.8 దగ్గర తీస్తే తెర మెత్తబడి చారలు మాయమవుతాయి. ఎడిటింగ్‌లో గంటలు పోసి తీసేసే సమస్యను లెన్సే అక్కడికక్కడ తీర్చేస్తుంది.

గ్రూప్ ఫొటోలకు ఇవేవీ అక్కర్లేదు. స్టేజీ కింద అయిదు మీటర్ల దూరంలో 35 ఎంఎం పెడితే అయిదు మీటర్ల వెడల్పు వస్తుంది, పక్కపక్కన పదిమంది నిలబడొచ్చు. ఎఫ్/5.6, ఫ్లాష్. 24 ఎంఎంతో ఇంకా ఎక్కువమంది పడతారు గానీ ఆ చివరా ఈ చివరా నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోయి లావుగా కనిపిస్తారు. ఫొటో చేతికొచ్చాక ఫిర్యాదు వచ్చేది వాళ్ల నుంచే. చోటు లేక వైడ్ వాడాల్సి వస్తే చివర్ల కాస్త ఖాళీ వదిలి, తర్వాత క్రాప్ చేయడం నయం.

70-200 ఎవరికి?

పొడవు జూమ్ కొంటేనే ప్రొఫెషనల్ అన్న అభిప్రాయం ఇప్పటికీ ఉంది. అది అన్నిటికంటే బాగా పనిచేసేది ఎవరికీ తెలియకుండా ముఖాలు పట్టుకునే చోట. మంగళస్నానం, హల్దీ లాంటి వేడుకల్లో పసుపు నీళ్లు మీద పడకుండా దూరంగా ఉండొచ్చు. ఎదురుకోళ్లలో రెండు వైపులవాళ్ల పరాచికాలు, బరాత్‌లో డ్యాన్స్ చేసేవాళ్ల మధ్య ఒకరి ముఖం, కూతురి వైపే చూస్తూ నిలబడిపోయిన తండ్రి, ఇలాంటివి దగ్గరకు వెళ్తే చెదిరిపోయే దృశ్యాలు. అయిదు మీటర్ల నుంచి 200 దగ్గర 90 సెంటీమీటర్ల వెడల్పే పడుతుంది, అంటే ఒక్కరి ముఖం, భుజాలు మాత్రమే.

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. హోమం వెలిగాక పొగ కమ్ముకుంటుంది. కెమెరాకూ మనిషికీ మధ్య ఎంత గాలి ఉంటే అంత పొగ అడ్డం వస్తుంది. దూరం నుంచి పొడవు లెన్స్‌తో తీసిన ఫొటో వెలిసిపోయినట్టు ఉంటుంది, మంట పైనుంచి తీస్తే వేడిగాలికి ముఖాలు అలల్లా కదిలిపోతాయి కూడా. అదే ఘట్టాన్ని దగ్గర నుంచి 35తో తీస్తే రంగులు నిలుస్తాయి. రెండోది బరువు. కెనాన్ పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల ఈఎఫ్ వరసలోని 70-200 ఎఫ్/2.8 మూడో తరం దాదాపు కిలోన్నర. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల రాకతో ఇది బాగా తగ్గింది: ఆ కెమెరాలకు 2019లో వచ్చిన కెనాన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8 సుమారు 1070 గ్రాములు, 2021లో వచ్చిన సోనీ రెండో తరం 70-200 జీఎం 1045 గ్రాములు, టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 అయితే మొదటి తరం 810 గ్రాములే. సాయంత్రం ఎదురుకోళ్ల నుంచి తెల్లారి అప్పగింతల దాకా రాత్రంతా మెడలో వేలాడే బరువు ఇది. చివరి రెండు గంటల్లో చేయి వణికిందంటే ముందు గంటల్లో మోసిన బరువే కారణం.

రెండు బాడీలు వాడేవాళ్లు ఒకదానికి 24-70, రెండోదానికి 70-200 లేదా 85 ప్రైమ్ తగిలించుకోవడం బాగా కుదిరిన పద్ధతి. అక్షింతలు, పొగ, పసుపు పొడి ఎగిరే చోట లెన్స్ విప్పి మార్చడం సెన్సర్‌కు మంచిది కాదు, టైమూ ఉండదు. ఈ రెండు లెన్సుల పనిని ఒక్కదానితో చేయాలన్న ప్రయత్నంగా 2021లో టామ్రాన్ 35-150 ఎఫ్/2-2.8 తెచ్చింది. బరువు 1165 గ్రాములు. మండపం అంచున 35, అక్కడే నిలబడి 150 దాకా వెళ్లగలగడం ముహూర్త సమయానికి సరిగ్గా అతికినట్టుంటుంది. 35 కంటే వైడ్ లేకపోవడం ఇంట్లో జరిగే తంతులకు లోటు. ఒక్కరే వెళ్లి పెళ్లి మొత్తం తీసేవాళ్లు తప్పకుండా ఆలోచించాల్సిన లెన్స్ ఇది. కెనాన్ 2018లో తెచ్చిన 28-70 ఎఫ్/2 కూడా మంచి ఆలోచనే, కానీ 1430 గ్రాములు. సోనీ 2024లో అదే రేంజ్‌ను 918 గ్రాములకు దించింది.

ఇంటి గదులు, గాజుల చేతులు

పెళ్లికొడుకును చేయడం, పెళ్లికూతురిని చేయడం ఇంకా చాలామంది ఇళ్లలోనే చేస్తున్నారు. పదడుగుల గది, అందులో పాతికమంది ఆడవాళ్లు, ఒక కిటికీ. అక్కడ 50 ఎంఎం పెట్టుకుంటే వీపు గోడకు ఆనినా సగం మందే వస్తారు. 24 లేదా 16-35 జూమ్ కావాలి. వైడ్ లెన్స్‌తో ముఖానికి మరీ దగ్గరకు వెళ్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. ఇది లెన్స్ తప్పు కాదు, దూరం ప్రభావం. కాబట్టి వైడ్‌తో గదిని, నలుగు పెట్టే చేతుల్ని చూపించి, ముఖాలకు రెండు మీటర్లయినా వెనక్కి జరిగి పొడవు లెన్స్ వాడాలి. మేనమామలు పెళ్లికూతురిని బుట్టలో ఎత్తుకొచ్చే సమయంలో వెనక్కి నడుస్తూ తీయాలి కాబట్టి అక్కడా 28-35 దగ్గరే సౌకర్యం.

మంగళసూత్రాలు, మెట్టెలు, పారాణి పాదాలు, మెహందీ, వంకీ, వడ్డాణం వీటికి దగ్గరగా ఫోకస్ చేసే లెన్స్ కావాలి. మామూలు 85 ఎంఎం లెన్సులు 80 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ చేయవు, తాళిబొట్టు ఫ్రేమ్‌లో చిన్న చుక్కలా మిగులుతుంది. ప్రత్యేకంగా 90, 100, 105 మాక్రో లెన్సులు ఉన్నాయి. అవే మంచి పోర్ట్రెయిట్ లెన్సులుగానూ పనికొస్తాయి, ఆ సంగతి చాలామంది పట్టించుకోరు. కెనాన్ ఆర్‌ఎఫ్ 85 ఎఫ్/2 మాక్రో, 35 ఎఫ్/1.8 మాక్రో వస్తువు అసలు సైజులో సగం దాకా సెన్సర్ మీద చూపిస్తాయి. నగల ఫొటోకు అది చాలు, విడిగా మాక్రో కొనాల్సిన పని తప్పుతుంది.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన, ఏపీఎస్-సీ అనే సెన్సర్) బాడీతో మొదలుపెట్టేవాళ్లు తరచూ చేసే కొనుగోలు పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఎప్పటికైనా ఫుల్ ఫ్రేమ్‌కు వెళ్తాం కదా అని 24-70 కొంటారు. ఏపీఎస్-సీ బాడీ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 36-105 చూపే దృశ్యమే చూపిస్తుంది, కెనాన్‌లో ఇంకాస్త ఇరుకు. ఇంట్లో, మండపంలో వైడ్ లేక ప్రతి పెళ్లికీ ఇబ్బందే. ఆ బాడీకి 17 లేదా 18 దగ్గర మొదలయ్యే ఎఫ్/2.8 జూమ్ సరైనది. సిగ్మా 18-50 ఎఫ్/2.8 మూడు వందల గ్రాములు మించదు. దానికి తోడు చవకగా దొరికే 50 ఎఫ్/1.8 పెట్టుకుంటే, క్రాప్ మీద అది 75-80 ఎంఎం పోర్ట్రెయిట్ లెన్స్ అవుతుంది. ఈ రెండింటితో పెళ్లి మొత్తం తీయవచ్చు, సందేహం లేదు.

ఏది ముందు కొనాలి

ధరలు ఏటా మారుతుంటాయి, కొనాల్సిన వరస మాత్రం పెద్దగా మారదు. మొదట ఎఫ్/2.8 స్టాండర్డ్ జూమ్. కెమెరా కంపెనీదే కావాలన్న పట్టుదల అక్కర్లేదు. సోనీ బాడీలకు టామ్రాన్ 28-75, సిగ్మా 24-70 చాలా మంచి ఫలితమిస్తాయి, టామ్రాన్ రెండో తరం 540 గ్రాములే. 24కూ 28కూ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ రెండున్నర మీటర్ల దగ్గర అది అర మీటరు వెడల్పు. ఇళ్లలో ఎక్కువ తీసేవాళ్లకు 24 అవసరం, హాళ్లలో తీసేవాళ్లకు 28తో నడిచిపోతుంది. తర్వాత ఒక ఫాస్ట్ ప్రైమ్. 35, 85లలో ఒకటే అయితే 35 వైపే మొగ్గాలి, ఎందుకంటే చీకట్లో జరిగే ఘట్టాలన్నీ ఇరుకులోనే జరుగుతాయి. మూడోది ఫ్లాష్, అది లెన్స్ కాకపోయినా. 70-200 నాలుగో స్థానంలోకి వస్తుంది, అప్పటిదాకా అద్దెకు తెచ్చుకోవచ్చు.

బాడీ ఎంచుకునేటప్పుడే లెన్సుల సంగతి చూసుకోవడం అవసరం. సోనీ ఇ మౌంట్‌కు (బాడీకి లెన్స్ తగిలించే అమరిక) ఇతర కంపెనీల లెన్సులు విరివిగా ఉన్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్‌లో సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులకు 2024లో దారి తెరుచుకుంది, అదీ ఏపీఎస్-సీ లెన్సులతో మొదలైంది. కానీ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో మంచి ఈఎఫ్ 24-70, 70-200 దొరికితే అది తెలివైన కొనుగోలే. నికాన్ జెడ్ బాడీలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ వస్తుంది, పాత ఏఎఫ్-డి లెన్సులకు రాదు. చవకగా వచ్చిందని ఏఎఫ్-డి 80-200 కొంటే ముహూర్తం వేళ చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు రెండు క్యాపులూ తీసి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడాలి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల తేమలో బ్యాగులోనే నెలలు గడిపిన లెన్సులకు ఇది ఎక్కువ. శూన్యమాసం, మూఢం వచ్చి పెళ్లిళ్లు లేని నెలల్లోనే లెన్సులు పాడవుతాయి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ మంచిది, లేదంటే మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచినా ఫర్వాలేదు. ముందు గ్లాసు కాపాడుకోవడానికి చవక యూవీ ఫిల్టర్ బిగిస్తే రాత్రి అలంకరణ బల్బులు ఫొటోలో ఇంకోచోట ప్రతిబింబాలుగా తేలుతాయి. దానికి బదులు హుడ్ ఎప్పుడూ తగిలించి ఉంచితే దెబ్బ నుంచీ, పక్క నుంచి కొట్టే వీడియో లైటు నుంచీ కాపాడుతుంది.

ఏసీ హాల్లో గంటలు గడిపిన కెమెరాతో అరుంధతి చూపించేటప్పుడు ఒక్కసారిగా బయటి ఉక్కలోకి వస్తే ముందు గ్లాసు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, ఈలోగా తంతు అయిపోతుంది. బయటికి వెళ్లే సమయం పురోహితుణ్ని ముందే అడిగి తెలుసుకుని, అరగంట ముందే ఒక బాడీని 35 ప్రైమ్‌తో సహా బ్యాగులో పెట్టి, జిప్ మూసి, ఏసీ లేని వరండాలో ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర ఉంచితే ఆ ఇబ్బంది రాదు.